21 కిలోమీటర్ల అడవి బాట ఎవరిది?



మొగల్తూరులో కూర్చుని అడవి పరుగు గురించి రాయడమేంటి, అక్కడ అడవి ఎక్కడుంది అని మీరు అడగొచ్చు. నిజమే. మా మండలంలో ఉన్నవి వరి చేలు, చేపల చెరువులు, కొబ్బరి తోటలు, పేరుపాలెం ఒడ్డున సరుగుడు చెట్లు, ఆ తర్వాత సముద్రం. కొండ చూడాలంటే బస్సెక్కి వంద కిలోమీటర్ల పైనే వెళ్లాలి. అయినా ఈ మాట ఇక్కడినుంచే రాయాలి. ఎందుకంటే డబ్బు కట్టి అడవిలో పరిగెత్తడానికి వెళ్లేది ఎక్కువగా మనలాంటి పల్లపు ఊళ్లవాళ్లూ, పట్నాలవాళ్లూ. ఆ పరుగు సాగేది ఇంకొకరి దారిలో.

ఇప్పుడు హాఫ్ మారథాన్ల కాలం నడుస్తోంది. హైదరాబాదులో, విశాఖలో ఏటా వేలమంది పరిగెత్తుతున్నారు. తారు రోడ్డు మీద పరుగు విసుగొచ్చినవాళ్లు ఇప్పుడు అడవి బాట పడుతున్నారు. దీన్ని ట్రైల్ రన్నింగ్ అంటున్నారు. పుణే పక్కన సహ్యాద్రి కోటల మీద, కర్ణాటకలో మలనాడు కాఫీ తోటల్లో ఇలాంటి పోటీలు కొన్నేళ్లుగా జరుగుతున్నాయి. మన తూర్పు కనుమలకి కూడా వారాంతం టూరిస్టులు బాగా పెరిగారు. వాళ్ల వెనకాలే పోటీలు కూడా వస్తాయి.

పరుగుకి మేం వ్యతిరేకం కాదు. మొదటే చెప్పేస్తున్నాను. మీ ఒంటికి మంచిది, వెళ్లండి, పరిగెత్తండి. కానీ బూటు లేసు కట్టుకునే ముందు ఒక ప్రశ్నకి జవాబు వెతకండి. ఆ 21 కిలోమీటర్ల బాట ఎవరిది? అక్కడ పోటీ పెట్టమని ఎవరు ఒప్పుకున్నారు?

ముందు పరుగు సంగతి

హాఫ్ మారథాన్ అంటే లెక్కప్రకారం 21.0975 కిలోమీటర్లు. మొగల్తూరు నుంచి నరసాపురం వెళ్లి తిరిగొస్తే ఇంచుమించు అంత దూరం. మా కాలవ గట్ల మీద పొద్దున్నే నాలుగింటికి లేచి పరిగెత్తే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లది కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరుగు. మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. ఆ పరుగు ఊపిరి బిగబట్టి పరిగెత్తేది. హాఫ్ మారథాన్ దానికి పూర్తిగా వేరు. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత నెమ్మదిగా వెళ్తేనే చివరిదాకా ఉంటారు.

అడవిలో అయితే ఇంకా వేరు. చదును రోడ్డు మీద రెండుంపావు గంటల్లో ముగించే మనిషికి కొండ బాటలో మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎక్కుడు వచ్చినప్పుడు నడవాలి. అందులో సిగ్గుపడేదేం లేదు, పెద్ద పెద్ద పోటీల్లో గెలిచేవాళ్లు కూడా నిటారు ఎక్కుల్లో నడుస్తారు. అసలు దెబ్బ దిగుడులో ఉంటుంది. పెద్ద అంగలు వేస్తే తొడలు పట్టేస్తాయి, మోకాళ్లు పోతాయి. అడుగు చిన్నదిగా, మోకాలు కొంచెం వంచి, చూపు మూడు నాలుగు అడుగుల ముందు పెట్టి దిగాలి. ఎర్ర గులకరాళ్లు కాలికింద దొర్లుతాయి. రాలిన వెదురు ఆకు ఎండాకాలంలో కూడా జారుతుంది. వాగులో నున్నటి రాయి కంటే పక్కనున్న ఇసుక మీద అడుగేయడం మేలు.

మరి కొండే లేని మనం ఎలా సిద్ధమవ్వాలి? మా దగ్గర పిల్లలు చేసేది చెప్తాను. పేరుపాలెం ఒడ్డున పొడి ఇసుకలో పరిగెత్తితే పిక్కలు గట్టిపడతాయి. సముద్రం పక్క ఊళ్లలో తుఫాను షెల్టర్లు ఉంటాయి కదా, ఆ మెట్లు ఇరవై ముప్పైసార్లు ఎక్కి దిగడమే మా కొండ. వారానికి నాలుగు రోజులు పరుగు, ఆదివారం పొడుగు పరుగు. ఆ పొడుగు పరుగుని వారానికి ఒకటి ఒకటిన్నర కిలోమీటరు చొప్పున పెంచుకుంటూ పోతే పన్నెండు వారాల్లో మామూలు మనిషి 18 కిలోమీటర్లకి వస్తాడు. డెల్టా ఉక్కలో చెమట బాగా పోతుంది. నీళ్లొక్కటే తాగితే చాలదు, ఉప్పూ పంచదారా కలిపినవి గానీ, ఓఆర్‌ఎస్ గానీ తాగాలి. పోటీ ఉదయం కొత్త తిండి జోలికి పోకండి. రోజూ తినే చద్దన్నమైతే చద్దన్నమే, ఇడ్లీ అయితే ఇడ్లీయే.

పరుగు గురించి ఇంతే. మిగతాది కాళ్లే నేర్పుతాయి. ఇప్పుడు దారి సంగతి.

ఆ బాట ఎవరు వేశారు?

అడవి పోటీల ప్రకటనల్లో ఒక మాట తరచుగా కనిపిస్తుంది. ఎవరూ అడుగుపెట్టని అడవి అంటారు. పక్కనే ధింసా ఆడుతున్న ఆడవాళ్ల ఫొటో పెడతారు. ఎవరూ అడుగుపెట్టకపోతే ఆ ఆడవాళ్లు ఎక్కడినుంచి వచ్చారు?

అడవిలో బాట తనంతట తాను పుట్టదు. పశువుల్ని తోలుకెళ్లిన దారి, గడ్డలు తవ్వడానికి పోయిన దారి, చింతపండు మూటతో సంతకి దిగిన దారి, ఊట నీళ్లకి వెళ్లిన దారి, ఆడపిల్లని పక్కూరికి ఇచ్చిన దారి. తరాల కాళ్లు పడితే గానీ ఒక బాట నిలవదు. ఒక్క రెండు వానాకాలాలు ఎవరూ నడవకపోతే అడవి దాన్ని మూసేస్తుంది. మీరు పరిగెత్తే బాట ఇవాళ తెరిచి ఉందంటే, నిన్న కూడా అక్కడ ఎవరో నడిచారన్నమాట.

మన పశ్చిమగోదావరి వాళ్లకి తెలిసిన ఉదాహరణే ఉంది. గుబ్బల మంగమ్మ తల్లి. బుట్టాయగూడెం అడవిలో, కొండ కింద నీళ్లు కారే చోట ఉంటుంది. డెల్టా ఊళ్లనుంచి ట్రాక్టర్లు, ఆటోలు కట్టుకుని ఎంతమంది వెళ్తారో మీకే తెలుసు. మీలో చాలామంది ఆ వాగులు దాటి వెళ్లే ఉంటారు. మంగమ్మ తల్లి కోయోళ్ల ఇలవేల్పు. మనకి ఆ దారి చూపించింది వాళ్లే.

ఆ బాటలకి పద్ధతులు కూడా ఉన్నాయి. కొత్తల పండగ చేయకుండా కొత్త కాయ ముట్టుకోని ఊళ్లున్నాయి. భూమి పండగ రోజుల్లో కోయ ఊళ్లలో మగవాళ్లు వేటకి పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డం నిలబడి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండగ డబ్బులు అడుగుతారు. బయటివాడికి అది సరదాగా కనపడొచ్చు. కానీ అందులో ఒక మాట ఉంది: ఇది మా దారి, దాటుతున్నావు, మమ్మల్ని పలకరించి దాటు. పోటీ పెట్టేవాళ్లని మేం అడిగేది కూడా ఇంచుమించు అదే.

ఈ కొండల్లో దారి గురించిన గొడవ ఇవాళ్టిది కాదు. రంప పితూరీకి కారణాలు చెప్పేటప్పుడు చరిత్రకారులు 1882 మద్రాసు అటవీ చట్టంతో పాటు ఒక రోడ్డు గురించి కూడా రాశారు. గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి రోడ్డు వేయిస్తూ, ఆదివాసీలతో పని చేయించి కూలి సరిగ్గా ఇవ్వలేదు. కొండోళ్ల చెమటతో తెల్లదొరల దారి వేశారు. ఆ కోపం మీదే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి జరిగింది. మూడు రోజులు, మూడు స్టేషన్లు, మధ్యలో కొండలు. అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటం దొర, గాం మల్లుదొర లాంటివాళ్లు ఉన్నారు. ఆ అడవి బాటలు వాళ్లకి అరచేతి గీతల్లా తెలుసు కాబట్టే అది సాధ్యమైంది. 2022 జూలై 4న మన భీమవరంలో 30 అడుగుల అల్లూరి విగ్రహం పెట్టారు. సంతోషమే. ఆయన వెంట నడిచిన కాళ్ల వారసులు ఇవాళ ఏ దారిలో నడుస్తున్నారో కూడా చూడండి.

అదే దారిలో డోలీ

పోటీ నిర్వాహకులు మంచి నిర్వాహకులైతే కొన్ని కిలోమీటర్లకొకచోట నీళ్లు, అరటిపండ్లు, ఓఆర్‌ఎస్ పెడతారు. డాక్టరు ఉంటాడు. అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. వాకీటాకీలు పట్టుకుని వలంటీర్లు నిలబడతారు. ఎవరికైనా కాలు మడతపడితే నిమిషాల్లో కబురు అందుతుంది. అలా ఉండాల్సిందే, మేం తప్పు పట్టడం లేదు.

మరుసటి రోజు ఆ టెంటు ఎత్తేశాక ఏమవుతుంది? అదే బాటలో నొప్పులొచ్చిన గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తారు. రెండు బొంగులు, ఒక దుప్పటి, నలుగురు మనుషులు. వాళ్లు కూడా కొండ దిగుతారు, వాగు దాటుతారు, కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటారు. వాళ్లకి దారిలో నీళ్లు ఇచ్చేవాడు లేడు. చివర మెడలో పతకం వేసేవాడు లేడు. బిడ్డ బతికితే అదే పతకం.

ఒక్క ఆదివారం కోసం ఆ బాటలో వైద్యం పెట్టగలిగినప్పుడు, మిగతా 364 రోజులు ఎందుకు పెట్టలేరు? ఈ ప్రశ్న నిర్వాహకుల కంటే ముందు ప్రభుత్వానికే. అయితే ఆ బాట మీద పేరూ, డబ్బూ, ఫొటోలూ సంపాదించుకునే ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నని మోయాలి.

అడవిలో రోడ్డు వేయాలంటే అటవీ చట్టాలు ఒప్పుకోవు అని అధికారులు చెప్పే మాట మీరు వినే ఉంటారు. అది సగం నిజం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూడండి. బడి, ఆసుపత్రి, అంగన్వాడీ, తాగునీరు, రోడ్డు ఇలా 13 రకాల సౌకర్యాలకి అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. షరతులు ఇవే. చట్టంలో దారి ఉంది. కాగితం మీదున్న ఆ దారి కొండ మీదికి ఎక్కడమే ఆలస్యం.

2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం అడవితల్లి బాట పేరుతో గిరిజన ఊళ్లకి రోడ్ల పని మొదలుపెట్టింది. డోలీ మోతలు ఆపుతామని చెప్పింది. ఆ మాట ప్రతి గూడెం దాకా నిలబడాలని కోరుకుంటున్నాం, నిలబడిందా లేదా అని అడుగుతూనే ఉంటాం.

చట్టం ఏం చెప్తోంది?

పోటీ పెట్టాలంటే అటవీ శాఖ నుంచి కాగితం తెచ్చుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అయిదో షెడ్యూల్ ప్రాంతంలో మాత్రం లెక్క వేరు.

1996 పెసా చట్టం గ్రామసభకి తన వనరుల్ని, ఆచారాల్ని కాపాడుకునే అధికారం ఇచ్చింది. మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. ఇక అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 ఇంకా సూటిగా మాట్లాడుతుంది. సామూహిక అటవీ వనరుల్లోకి ఎవరు రావాలి, ఎలా రావాలి అన్నది నియంత్రించే నిర్ణయాలు గ్రామసభ తీసుకోవచ్చు. అడవికీ, జంతువులకీ, జీవవైవిధ్యానికీ చెడు చేసే ఏ పనినైనా ఆపమనొచ్చు. ఆ నిర్ణయాలు అమలయ్యేలా చూసే అధికారం కూడా ఊరిదే.

గ్రామసభ మాటకి ఎంత బరువుందో ఒడిశాలో నియమగిరి డోంగ్రియా కోంధులు 2013లో చూపించారు. సుప్రీంకోర్టు ఆ ఏడాది ఏప్రిల్ 18న మీ ఊరి సభల్లోనే తేల్చుకోమంది. 12 ఊళ్లు సభ పెట్టుకున్నాయి, 12 ఊళ్లూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. గనితో పరుగు పోటీని నేను పోల్చడం లేదు. గనికి వద్దు అనే హక్కున్న సభకి పోటీకి సరే అనే హక్కు కూడా ఉంటుంది, అడగాల్సింది ఆ సభనే అంటున్నాను. అడిగితే చాలా ఊళ్లు సంతోషంగా ఒప్పుకుంటాయి. ఇల్లు చూడ్డానికొచ్చిన చుట్టాన్ని మనవాళ్లు ఎప్పుడైనా పొమ్మన్నారా? తలుపు తట్టకుండా వంటింట్లోకొస్తేనే కదా గొడవ.

మన పిల్లలు ఎక్కడ?

ఇంకో సంగతి. ఈ పోటీల్లో ఆదివాసీలు ఎక్కడ కనపడతారు? ప్రారంభంలో డప్పు కొడుతూ, మధ్యలో నీళ్లందిస్తూ, చివర్లో చెత్త ఏరుతూ కనపడతారు. ఛాతీ మీద నంబరుతో కనపడేవాళ్లు తక్కువ. కారణం కాళ్లలో లేదు, జేబులో ఉంది. ప్రవేశ రుసుము రెండు వేలు అనుకోండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. అంటే ఆరున్నర రోజుల కూలి. దాని మీద బూట్లు, ప్రయాణం. తన ఊరి బాటలో పరిగెత్తడానికి తను వారం కూలి కట్టాలి.

కాళ్ల సంగతి చెప్పాలంటే సాక్ష్యం చాలా ఉంది. 2021 ఆగస్టులో నైరోబీలో జరిగిన అండర్-20 ప్రపంచ అథ్లెటిక్స్‌లో మన దేశపు అమ్మాయిల జట్టు 4×400 మీటర్ల రిలేలో ఫైనల్ కెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ నలుగురిలో ఒకరు గోదావరి ఏజెన్సీ ఆడపిల్ల కుంజా రజిత. అవకాశం దొరికిన ఒక్క పిల్ల అక్కడిదాకా వెళ్లింది. దొరకని పిల్లలు ఎంతమందో!

అటవీ శాఖ సంగతే తీసుకోండి. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. వారం వారం సంతకి కొండ దిగి, మూటతో మళ్లీ కొండెక్కే మనిషికి ఆ పరీక్ష ఒక లెక్కా? వాళ్లని ఆపేది నడక కాదు. రాత పరీక్ష, కోచింగ్, దరఖాస్తు ఎక్కడ పెట్టాలో చెప్పేవాడు లేకపోవడం. పరుగు పోటీలు ఈ పిల్లల్ని వెతికి పట్టుకోవడానికి పనికొస్తే అంతకంటే కావాల్సిందేముంది?

బయటి దేశం ఉదాహరణ ఒకటి చెప్తాను. మెక్సికోలో రారామురి అనే ఆదివాసీలున్నారు. లోయల్లో, కొండల్లో పరుగే వాళ్ల బతుకు. 2017లో 22 ఏళ్ల లొరెనా రమీరెజ్ అనే రారామురి అమ్మాయి పువేబ్లాలో 50 కిలోమీటర్ల కొండ పరుగులో ఆడవాళ్లందరికంటే ముందు వచ్చింది. ఒంటి మీద వాళ్ల గాగ్రా, కాలికి రబ్బరు చెప్పులు. ప్రపంచమంతా ఆ ఫొటో చూసింది. కానీ నాకు నచ్చింది వాళ్ల ప్రాంతంలోనే జరిగే ఇంకో పోటీ పద్ధతి. అక్కడ పరుగు పూర్తిచేసిన స్థానికులకి మొక్కజొన్న కూపన్లు ఇస్తారు. గెలిచినవాడి ఇంట్లోనే కాదు, ముగించిన ప్రతివాడి ఇంట్లోనూ గింజలు చేరతాయి. పోటీ వల్ల ఊరికి ఏం మిగలాలి అన్న ప్రశ్నకి అదొక జవాబు.

మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో నారాయణపూర్ నుంచి బాసింగ్ దాకా 21 కిలోమీటర్ల అబూజ్‌మాడ్ పీస్ హాఫ్ మారథాన్ జరుగుతోంది. వేలమంది వస్తారు, అందులో స్థానిక ఆదివాసీ యువత బాగా ఉంటారు. పిల్లలు పరిగెత్తడం చూస్తే సంతోషమే. అయితే దాన్ని నడిపేది పోలీసులూ, జిల్లా యంత్రాంగమూ. మనం కోరేది ఒక అడుగు ముందుకి. పోటీకి ఆతిథ్యం ఇచ్చేది ఊరు అవ్వాలి. జెండా ఊపేది ఊరి పటేలు గానీ, పూజారి గానీ అవ్వాలి. యూనిఫాం పక్కన నిలబడి చప్పట్లు కొడితే చాలు.

పరిగెత్తే ఆదివాసీ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి

ఒక జాగ్రత్త చెప్పాలి, శ్రద్ధగా చదవండి. మన తెగల్లో సికిల్ సెల్ లక్షణం ఎక్కువ. ఈ జబ్బు ఉన్నవాళ్లు వేరు, లక్షణం మాత్రమే మోసేవాళ్లు వేరు. లక్షణం మోసేవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, వాళ్లు పరిగెత్తొచ్చు. కానీ ఎండలో, ఒంట్లో నీరు తగ్గినప్పుడు, శక్తికి మించి ఒక్కసారిగా పరిగెత్తితే అరుదుగా ప్రాణం మీదికి వస్తుంది. కాళ్లు సత్తువ లేనట్టు అయిపోతాయి, ఊపిరి అందదు, మామూలు తిమ్మిరిలా అనిపిస్తుంది. అలా అయితే వెంటనే ఆగిపోండి. నీళ్లు తాగి కూర్చోండి. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లి సికిల్ సంగతి ముందే చెప్పండి.

2023 జూలై 1న కేంద్రం జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు ఏడు కోట్లమందికి పరీక్షలు చేస్తామని చెప్పింది. మీ పీహెచ్‌సీలో పరీక్ష అడగండి, కార్డు తీసుకోండి. జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా ఇలాంటి పోటీలకి దిగొద్దు. ఏజెన్సీలో పోటీ పెట్టే ప్రతివాడూ తన వైద్య బృందానికి ఈ విషయం తెలుసో లేదో చూసుకోవాలి. పట్నం పోటీకి రాసుకున్న వైద్య ప్రణాళికనే తెచ్చి అడవిలో పెడితే కుదరదు.

మేం అడిగేది

ఒకటి. షెడ్యూల్డ్ ప్రాంతంలో పోటీ బాట పడే ప్రతి ఊరి గ్రామసభ తీర్మానం ఉండాలి. పండగ రోజులు, గింజలు చల్లే రోజులు, పూజ స్థలాలు వదిలి బాట గీయాలి.

రెండు. ఆ మండలం ఆదివాసీ యువతకి ప్రవేశం ఉచితం. బూట్లు, భోజనం, ప్రయాణం నిర్వాహకులదే.

మూడు. వచ్చిన రుసుములో ఎంత ఊరికి ఇస్తారో ముందే రాసి గ్రామసభకి ఇవ్వాలి. వంట, దారి చూపడం, కాపలా పనులకి ఊరివాళ్లకి కూలి కట్టివ్వాలి. బాస్టియన్ రోడ్డు కథ మళ్లీ జరగకూడదు.

నాలుగు. పోటీకి తెచ్చిన వైద్య సామగ్రిలో కొంతైనా దగ్గర్లోని ఉపకేంద్రానికి వదిలి వెళ్లాలి. ఆ బాటలో ఏ ఊరికి రోడ్డు లేదో నిర్వాహకులు కలెక్టరుకి రాతపూర్వకంగా చెప్పాలి. వాళ్ల చేతిలో ప్రతి మలుపు కొలతా ఉంటుంది కదా.

ఐదు. ప్లాస్టిక్ సీసాలు, గిఫ్టు సంచులు వద్దు. తెచ్చిన చెత్త తెచ్చినవాళ్లే తీసుకెళ్లాలి.

ఆరు. ఊరి పేరు, తెగ పేరు సరిగ్గా రాయండి. మమ్మల్ని అడగకుండా మా ఫొటో పోస్టరు మీద వేయకండి.

ఇవేమీ కొండంత కోరికలు కావు. పెళ్లికి వచ్చినవాడు పెళ్లింటివాళ్ల మర్యాద పాటించినట్టే.

డెల్టా చదువరికి చివరి మాట

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు పోలవరం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాకి వెళ్లాయి. మన పశ్చిమగోదావరికి కాగితం మీద కొండ లేదు, అడవి లేదు, ఏజెన్సీ లేదు. ఇక ఆ సంగతి మనది కాదనుకోవడం తేలిక.

కానీ మీరు ఏ కాలవ గట్టు మీద పరిగెత్తుతున్నారో ఆ కాలవలో నీళ్లు చూడండి. పాపికొండల మధ్యనుంచి వచ్చి, ధవళేశ్వరం దగ్గర ఆగి, మన చేలకి మళ్లిన నీళ్లవి. ఆ నీళ్లు ఇంకా నిలవ చేయడానికి కడుతున్న పోలవరం వల్ల లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలి. అందులో కోయలు, కొండరెడ్లు ఎంతోమంది. వాళ్లతో పాటు వాళ్ల బాటలు కూడా మునిగిపోతాయి. పునరావాస కాలనీలో సిమెంటు రోడ్డుంటుంది. గడ్డలకి పోయే బాట ఉండదు.

నేను యానాది ఇంట్లో పుట్టాను. మాది షెడ్యూల్డ్ తెగ, మా ఊరు మాత్రం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పెసా మాకు వర్తించదు. మావాళ్లకీ ఒకప్పుడు అడవి బాటలుండేవి. శ్రీహరికోట దీవి అడవుల్లో యానాదులు తరతరాలు బతికారు. రాకెట్ కేంద్రం వచ్చాక వాళ్లని అక్కడినుంచి తరలించారు. ఇవాళ అక్కడినుంచి చంద్రుడి దాకా దారి ఉంది. యానాది కాలిబాట లేదు. బాట పోగొట్టుకున్నవాళ్లం కాబట్టే బాట ఇంకా ఉన్నవాళ్ల తరఫున గట్టిగా అడుగుతున్నాం.

మీలో ఎవరైనా ఈ చలికాలం అడవి పరుగుకి పేరు ఇస్తుంటే, డబ్బు కట్టే ముందు నిర్వాహకుడికి ఒక్క ఫోన్ చేయండి. గ్రామసభ తీర్మానం ఉందా అండీ, స్థానిక పిల్లలు ఎంతమంది పరిగెత్తుతున్నారు అని అడగండి. ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటాడు. యాభైమంది అడిగితే ఊరికి వెళ్లి సభ పెట్టించుకుంటాడు. మీ కాళ్లకి ఎంత బలముందో మీ ప్రశ్నకీ అంతే ఉంది.

జోహార్.